మరిడమ్మ మోటారుకి పోసిన మంచినీళ్ళు

అనగనగా గోదారి సముద్రంలో కలిసే చోట ఒక తిప్ప. దాని పేరు కొంగతిప్ప. తిప్ప చుట్టూ ఉప్పునీళ్ళు. తిప్ప మధ్య గుంటల్లో ఉప్పునీళ్ళు. బావి తవ్వినా ఉప్పునీళ్ళే.

ఎప్పటి మాట అంటే, తెరచాపలు ఇంకా పూర్తిగా పోలేదు, మోటార్లు ఇంకా పూర్తిగా రాలేదు. ఆ మధ్యకాలం అనుకోండి.

తిప్ప మీద వాళ్ళకి తాగేనీళ్ళు అవతలి ఒడ్డు నుంచి పడవలో రావాలి. ఆ పడవ వెనక ఒక చిన్న మోటారు ఉండేది. గుండ్రటి తల, నీళ్ళలోకి దిగే ఒంటికాలు, కాలి చివర తిరిగే రెక్కలు. అంతే మోటారు. అప్పటికే ముసలిది, రంగు కూడా రాలిపోయింది. అయినా పడవ నడిపే సరంగు కామేశు తాడు పట్టి లాగితే బుడుబుడుమని లేచేది. లేచాక పక్కనున్న చిన్న చిల్లిలోంచి సన్నటి నీటిధార చిమ్మేది. అది కాలితో నీళ్ళు పీల్చుకుని, ఒళ్ళు చల్లబరుచుకుని, ఆ నీళ్ళని చిల్లిలోంచి వదిలేసేది. "మోటారు ఉచ్చ పోస్తోందోయ్!" అని పిల్లలు రేవులో గంతులేసేవాళ్ళు.

పడవ రాగానే బిందెలు ఇళ్ళకి మోసే ఆవిడ మరిడమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా అత్త కాశమ్మ. కాశమ్మకి రెండు కళ్ళూ కనపడవు. అయినా తిప్పంతా చేతికర్ర లేకుండా తిరిగేది. కాలికింద ఇసక మెత్తబడితే రేవు. గవ్వలు గుచ్చుకుంటే వలలు ఆరేసే చోటు. చల్లటి బురద తగిలితే మడ చెట్లు. "నా కళ్ళు అరికాళ్ళలో ఉన్నాయే" అనేది.

ఒక ఎండాకాలం మోటారుకి జబ్బు చేసింది.

రేవులో బాగానే లేచేది. సగం దూరం పోయేసరికి పక్కనున్న ధార సన్నబడేది, ఆగిపోయేది. మోటారు పెనంలా కాలి నోరు మూసేసేది. కామేశు సముద్రపు నీళ్ళు దోసిళ్ళతో దాని మీద కొట్టేవాడు. చల్లారితే కొంచెం నడిచేది. మళ్ళీ ఆగేది. మళ్ళీ కొట్టేవాడు.

మొదటిసారి పడవ మడ చెట్లలో ఇరుక్కుంది. రెండోసారి ఇసకమేట ఎక్కింది. మూడోసారి ఆటు లాగేసి సముద్రంలోకి పోయింది. తెరచాప పడవ వాళ్ళెవరో చూసి తాడేసి లాక్కొచ్చారు కాబట్టి కామేశు బతికాడు. బిందెలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

అవతలి ఒడ్డు నుంచి మోటార్లు చూసేవాడొకడు వచ్చాడు. అటు తిప్పి ఇటు తిప్పి, "దీనికి ఆయుష్షు తీరింది" అని వెళ్ళిపోయాడు.

తిప్ప పెద్ద లోవరాజు అందరినీ పిలిచాడు. "తెడ్లేసి తెస్తే మనిషికి చెంబెడు నీళ్ళు వస్తున్నాయి. చెంబెడు నీళ్ళతో, కొబ్బరి బోండాలతో ఎన్నాళ్ళు బతుకుతాం? పున్నమి పోటుకి తిప్ప ఖాళీ చేసేద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చాక కాశమ్మ గడపలోనే కూలబడింది. "అవతలి నేల నన్నెరగదే మరిడీ. ఇన్నాళ్ళూ నాకు కళ్ళు లేవంతే. అక్కడికి పోతే నేను గుడ్డిదాన్నే" అంది.

మరిడమ్మ పొద్దున్నే కామేశు దగ్గరికి పోయింది.

"ఆ మోటారు నాకియ్యరా."

"ఏం చేస్తావ్ పిన్నీ, పప్పు రుబ్బుతావా?"

"రుబ్బుతానో, ఉట్టి మీద పెట్టుకుంటానో! ఎలాగూ పారేసేదేగా. ముందు దాని టోపీ ఊడదియ్యి."

కామేశు నవ్వుతూ మూత విప్పి, మోటారుని కొబ్బరి మొద్దుకి బిగించి ఇచ్చాడు. మరిడమ్మ దాని ముందు కూర్చుంది. చూసింది. మోటార్ల గురించి ఆవిడకేం తెలుసు? ఏమీ తెలీదు. కానీ ధార వచ్చే చిల్లి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి ఉంది. ఆ పెచ్చు ఆవిడకి తెలుసు. సముద్రంలో తడిసిన చీర అలాగే ఆరితే అంచుకి అదే పెచ్చు కడుతుంది. చీర అట్టలా బిగుసుకుపోతుంది. మళ్ళీ ఉప్పునీళ్ళలో ఎన్నిసార్లు జాడించినా మెత్తబడదు, మంచినీళ్ళు పడాల్సిందే.

"అయ్యో నీ మొహం మండా," అంది మోటారుతో, "నీకు కాలినప్పుడల్లా ఉప్పు మీద ఉప్పే పోశారా!"

ఆ రోజు తన వంతు వచ్చిన చెంబెడు నీళ్ళు తాగలేదు. కొబ్బరీనెతో చిల్లి పొడిచింది, నీళ్ళు పోసింది. పొడిచింది, పోసింది. చాలాసేపటికి మోటారు కాలి దగ్గర నాలుగు చుక్కలు జారాయి, బురదరంగులో. మరిడమ్మ ఒక చుక్క నాలుకకి తాకించి ఉమ్మేసింది. (తాకించిందంతే, మింగలేదు. పిల్లలెవరూ మింగకూడదు.) ఉప్పు.

రెండో రోజు తన చెంబు మళ్ళీ పోసింది. నీళ్ళు తెల్లగా జారాయి. నాలుకకి తాకించింది. ఉప్పే.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. నీళ్ళు వంతులేసి పోసే చిలకమ్మ అరిచింది: "మా పిల్లలు పెదాలు తడుపుకుంటుంటే, ఇనపముక్కకి మంచినీళ్ళా? మరిడీ, నీకేమైనా పట్టిందా?"

"నా వంతేగా వదినా పోసింది, నీ వంతు కాదుగా" అంది మరిడమ్మ. అనడానికైతే అంది కానీ, మాట గీరుకుపోయింది.

ఆ గొంతు కాశమ్మ విన్నది. చూపు లేనివాళ్ళకి గొంతే మొహం.

"మరిడీ, నీళ్ళు తాగావా?"

"తాగాను అత్తా."

"అబద్ధం. నీ గొంతు సగం దారిలో ఆగిన ఆ మోటారులా ఉంది." కాశమ్మ తడుముకుంటూ తన చెంబు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "సగం నువ్వు తాగు. సగం దానికి పొయ్యి. నాకు నాలుగు బుక్కలు గంజి చాలు."

"నీ వంతు నేను పొయ్యనత్తా."

"పొయ్యవే. నా కాళ్ళ కోసం కాదూ నువ్వు పోస్తున్నది?"

మూడో రోజు మరిడమ్మ అత్త నీళ్ళలో సగం తాగింది. సగం చిల్లిలో పోసింది. నీళ్ళు జరజరా జారాయి. నాలుకకి తాకించింది. తియ్యన.

"ఒరే కామేశూ!" అని కేకేసింది. "తీసుకుపోరా నీ మోటారు!"

కామేశు పడవకి బిగించాడు. తాడు లాగాడు, కదల్లేదు. మళ్ళీ లాగాడు, దగ్గింది. మూడోసారి లాగాడు. బుడుబుడుమని లేచింది. పక్కనుంచి ధార చిమ్మింది. రేవంతా చూస్తోంది. పడవ పోయింది, పోయింది, చుక్కంత అయిపోయింది. ఎవరూ కదల్లేదు. ఎండ నెత్తి మీదకొచ్చింది. అప్పుడు కాశమ్మ తలెత్తి, "వస్తోంది" అంది. ఇంకెవరికీ ఏమీ వినపడలేదు. "ఆగకుండా వస్తోందే, సన్నాసుల్లారా, వినపడట్లేదా?" అంటూ, ఇసక మెత్తబడిన వైపు అందరికంటే ముందు తానే నడిచింది.

పడవ నిండా బిందెలు. మొదటి బిందె మరిడమ్మ ముందు దించారు. ఆవిడ ఒక చెంబు ముంచి, గుటక వేయకుండా ముందు మోటారుకి పోసింది. "రోజూ పొయ్యండ్రా. దాని కడుపులో ఉప్పు నిలవకూడదు" అంది.

పున్నమి పోటు వచ్చింది, పోయింది. తిప్ప ఖాళీ కాలేదు. కాశమ్మ తన అరికాళ్ళతోనే చివరిదాకా తిరిగింది. చాలా ఏళ్ళకి మరిడమ్మా పోయింది. ఆ మోటారూ పోయింది. దాని తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి వచ్చాయి. ఇప్పుడు తిప్ప మీదికి కుళాయి కూడా వచ్చిందంటారు.

అయినా సముద్రం నుంచి పడవ రాగానే, ఎంత దాహమేసినా, మొదటి చెంబు మోటారుకే పోస్తారు. కింద కారిన నీళ్ళు ఒక చుక్క నాలుకకి తాకించి ఉమ్మేస్తారు. ఉప్పగా ఉంటే, "మరిడమ్మ ఇంకా ఒప్పుకోలేదు" అని మళ్ళీ పోస్తారు. తియ్యబడితే, "మరిడమ్మ ఒప్పుకుంది" అంటారు. అప్పుడే చెంబు తమ నోటికి ఎత్తుకుంటారు.