పంతులమ్మ తవ్విన చెలమ

నల్లమద్ది అడవిలో పాలవాగు పక్కన ఒక బడి ఉండేది. కుందేళ్లు, జింకలు, ఉడుతలు, ముళ్లపందులు, అడవిపందులు అన్నీ తమ పిల్లల్ని ఆ బడికే పంపేవి. పాఠాలు చెప్పేది ఒక అలుగు. ఒళ్లంతా గట్టి పొలుసులు, ముందుకాళ్లకు పొడవాటి గోళ్లు, నోట్లో ఒక్క పన్ను కూడా లేని ఆ అలుగును అందరూ పంతులమ్మ అని పిలిచేవారు.

అలుగులు పగలు పడుకుని రాత్రిళ్లు తిరిగే జీవులు. కానీ పిల్లలు చదువుకునేది పగలే కదా! అందుకని పంతులమ్మ తన నిద్రను సగానికి సగం తగ్గించుకుంది. చీకట్లో చెదలు వెతుక్కుని తినేది. తెల్లారగానే బడికి వచ్చేది. పాఠం మధ్యలో ఆవులింత వస్తే పిల్లలకు కనబడకుండా తల పక్కకు తిప్పుకునేది. పదేళ్లుగా ఆమె బతుకు ఇలాగే సాగుతోంది.

ఆ బడిలో చెప్పేవి ప్రాణం కాపాడే చదువులు. పులి వాసనను గాలిలో ఎలా పట్టాలి, ఏ ఆకు తినాలి, ఏ ఆకు ముట్టకూడదు, వేటగాళ్లు ఉచ్చులు ఎక్కడ పన్నుతారు, ఇలాంటివన్నీ పంతులమ్మ నేర్పేది. ఒక్క పాఠం తప్పిపోయినా అడవిలో బతకడం కష్టమే.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక బడికి పిల్లలు సరిగా రావడం మానేశారు. ఒకరోజు జింకపిల్ల రాలేదు. మర్నాడు ముళ్లపంది పిల్లలు ఇద్దరూ రాలేదు. కుందేలు పిల్ల గరిక అయితే వారంలో రెండు రోజులు వస్తే గొప్ప. ఎవరిని అడిగినా ఒకటే మాట. "కడుపునొప్పి పంతులమ్మా!" "వాంతులు పంతులమ్మా!" "జ్వరం పంతులమ్మా!"

చెప్పిన పాఠమే మళ్లీ మళ్లీ చెప్పి పంతులమ్మ విసిగిపోయింది. సోమవారం రానివాళ్లకు మంగళవారం చెప్పాలి. మంగళవారం రానివాళ్లకు బుధవారం చెప్పాలి. ఒక పాఠం దగ్గరే బండి ఆగిపోయింది. కళ్లు మండుతున్నాయి. చివరికి ఒకరోజు గట్టిగా చెప్పేసింది.

"వినండి! ఇకమీదట ఏ పాఠమైనా ఒక్కసారే చెబుతాను. రానివాళ్ల ఖర్మ. నేనూ ప్రాణిని కదా!"

మర్నాటి నుంచి ఉచ్చుల పాఠం మొదలైంది. అది మూడు రోజుల పాఠం. ఆ మూడు రోజులూ గరిక రాలేదు.

నాలుగో రోజు వచ్చింది. దాని చెవులు వాలిపోయి ఉన్నాయి. వెనక కాళ్లు వణుకుతున్నాయి. బడి అయ్యాక మెల్లగా దగ్గరికి వచ్చింది.

"పంతులమ్మా, ఉచ్చుల పాఠం నాకు ఒక్కసారి చెబుతారా?"

"నీకోసం బడి అంతా ఆగాలా గరికా? ఎప్పుడు చూసినా కడుపునొప్పి అంటావు. ఈ సాకులు నాకు కొత్తవి కావు," అంది పంతులమ్మ.

గరిక తల వంచుకుని వెళ్లిపోయింది. దాని వీపు మీద ఎముకలు లెక్కపెట్టేలా కనిపించాయి. పంతులమ్మ అది చూసింది. కానీ అప్పటికి నిద్ర ముంచుకొస్తోంది. బొరియలోకి వెళ్లి ముడుచుకుని పడుకుంది.

రెండు రోజులు గడిచాయి. పొద్దున్నే పంతులమ్మ బడికి వచ్చేసరికి చారిక అనే ఉడుతపిల్ల ఆయాసపడుతూ ఎదురొచ్చింది.

"పంతులమ్మా! గరిక ఉచ్చులో పడింది! రేగుపొదల దగ్గర!"

అలుగులు వేగంగా పరిగెత్తలేవు. అయినా ఆ రోజు పంతులమ్మ పరిగెత్తింది. రాళ్లు తగిలి గోళ్లు చిట్లినా ఆగలేదు.

రేగుపొదల మధ్య సన్నటి కాలిబాట ఉంది. వేటగాళ్లు ఉచ్చులు పన్నేది అలాంటి బాటల మీదే. మూడు రోజుల పాఠంలో పంతులమ్మ మొట్టమొదట చెప్పిన మాట అది. గరిక వెనక కాలికి తాడు బిగుసుకుని ఉంది. పెనుగులాడి పెనుగులాడి అది సొమ్మసిల్లిపోయింది.

పంతులమ్మకు పళ్లు లేవు, తాడు కొరకలేదు. ఉచ్చు కట్టిన మేకు చుట్టూ మట్టిని గోళ్లతో తవ్వసాగింది. "చారికా, నువ్వు తాడు కొరుకు!" అని అరిచింది. ఆమె మేకు పెకిలించేలోపు ఉడుతపిల్ల తాడు తెంపేసింది. దూరంగా మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. పంతులమ్మ గరికను వీపు మీద వేసుకుని పొదల్లోంచి బయటపడింది.

గరిక బరువే అనిపించలేదు.

గరిక ఇంటికి ఆమె ఎప్పుడూ వెళ్లలేదు. ఇదే మొదటిసారి. పొద కింద ఎండుగడ్డి మీద గరిక తమ్ముళ్లు ఇద్దరు మూలుగుతూ పడుకుని ఉన్నారు. తల్లి చెంగమ్మ వాళ్ల ఒళ్లు తుడుస్తోంది. ఆమె కళ్లు గుంటలు పడి ఉన్నాయి. బిడ్డ కాలు చూసి ఏడవడానికి కూడా ఆమెకు ఓపిక లేనట్టుంది.

"నిన్న కాస్త తేలిగ్గా ఉందని లేచింది పంతులమ్మ గారూ. తమ్ముళ్లకు లేత ఆకులు తెస్తానని ఇవాళ పొద్దున్నే వెళ్లింది. వద్దంటే వినలేదు," అంది చెంగమ్మ. "వానలు పడ్డాక నా పిల్లలు ముగ్గురూ ఒకేసారి లేచి తిరిగిన రోజు లేదు. ఒకరికి తగ్గితే ఇంకొకరు. నేను పడుకుని ఎన్నాళ్లయిందో నాకే తెలియదు."

పంతులమ్మ తల దించుకుంది. "సాకులు అన్నాను నీ బిడ్డను. నన్ను క్షమించు చెంగమ్మా."

"గరిక నాకు ఆ మాట చెప్పలేదు పంతులమ్మ గారూ. ఏమీ చెప్పలేదు. ఉచ్చు ఎలా ఉంటుంది అమ్మా అని మాత్రం అడిగింది. నాకు ఏం తెలుసు? నేను బడికి పోయినదాన్ని కాను."

ఆ పక్కనే ఒక కాయడిప్పలో నీళ్లున్నాయి. గరిక నోరు తడుపుదామని పంతులమ్మ చేతిలోకి తీసుకుంది. అలుగు ముక్కు మహా చురుకైనది. నీళ్లు పెదవి దాకా తేకముందే ఆమెకు దుర్వాసన కొట్టింది.

"ఈ నీళ్లు ఎక్కడివి?"

"ఇంకెక్కడివి? వాగు మడుగులోవే. అందరం అవే తాగుతాం."

ఆ రోజు పంతులమ్మ పడుకోలేదు. తర్వాత నాలుగు రోజులూ సరిగా పడుకోలేదు. బడి వదిలాక ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి పిల్లలు జబ్బుపడుతున్నారు, ఏ నీళ్లు తాగుతున్నారు అని అడిగింది. మడుగు నీళ్లు తాగే ప్రతి ఇంట్లోనూ మంచం పట్టిన పిల్లలే. కొండ మీద రాతిసందుల్లో ఊరే నీళ్లు తాగే ఉడుతల ఇళ్లలో మాత్రం ఒక్కరికీ జబ్బు లేదు. చారిక ఆ ఏడాది ఒక్క రోజు కూడా బడి మానలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అయిదో రోజు వాగు వెంట పైకి నడిచింది. మడుగుకు కాస్త పైన, వాగు మలుపులో, భూపతి మంద పొర్లాడుతోంది. భూపతి అడవిపందులకు పెద్ద. వంకర కోరలు, ఎత్తయిన మూపు. నలభై పందులు అక్కడే పొర్లి, అక్కడే తిని, అక్కడే మలమూత్రాలు విడిచేవి. వానలకు పొంగిన నీళ్లు అదంతా కడుక్కుని నేరుగా మడుగులోకి చేరేవి.

"భూపతీ, మీ మంద పొర్లే నీళ్లే మా పిల్లలు తాగుతున్నారు. అడవిలో సగం మంది పిల్లలు మంచాన పడ్డారు. మీరు మడుగు కిందికి వెళ్లి పొర్లండి. అక్కడ కూడా బురద బోలెడంత ఉంది," అంది పంతులమ్మ.

భూపతి బురదలోంచి తల మాత్రం ఎత్తాడు. "మా తాత ఇక్కడే పొర్లాడు. మా నాన్న ఇక్కడే పొర్లాడు. ఇప్పుడు కుందేళ్లకు కడుపునొప్పి వచ్చిందని నన్ను లేచి పొమ్మంటావా?"

"మీ తాత రోజుల్లో మీరు అయిదారుగురే ఉండేవారు. ఇప్పుడు నలభై మంది."

"కుందేళ్లు పుట్టుకతోనే పిరికివి, బలహీనమైనవి. మా పిల్లల్ని చూడు, గుండుల్లా ఉన్నారు. నా కూతురు తుంగకు తుమ్ము కూడా రాదు. భూపతి ఎవరికోసమూ వాగు కిందికి దిగడు. వెళ్లి నీ పాఠాలు చెప్పుకో!"

పందులన్నీ పకపకా నవ్వాయి. పంతులమ్మ వెనక్కి తిరిగింది. కోపం రాలేదు ఆమెకు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో శక్తి ఉండాలి.

మర్నాడు బడిలో పాఠం చెప్పలేదు. పిల్లల్ని, వాళ్ల తల్లుల్ని వెంటబెట్టుకుని కొండ అంచుకు వెళ్లింది. రాతిఊట నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయే చోట తవ్వడం మొదలుపెట్టింది. తవ్వకం ఆమెకు చేతనైన పని. ముళ్లపందులు మట్టి ఎత్తిపోశాయి. చెంగమ్మ, మిగతా కుందేళ్లు రాళ్లు దొర్లించి అంచు కట్టాయి. మూడు రోజులకు చెలమలో నీళ్లు ఊరాయి. అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా ఉన్నాయి.

"ఇకనుంచి తాగడానికి ఇవే నీళ్లు. ఇందులో ఎవరూ కాలు పెట్టకూడదు. ముంచుకుని తాగండి. జబ్బుపడిన పిల్ల కొరికిన ఆకు ఇంకొకరు తినకూడదు," అని పంతులమ్మ చెప్పింది.

మంచం పట్టిన పిల్లలు తిరిగి బడికి వచ్చే దాకా ఆమె ఆగలేదు. బడి అయ్యాక వాళ్ల ఇళ్లకే వెళ్లి ఆనాటి పాఠం చెప్పింది. గరిక పక్కన కూర్చుని ఉచ్చుల పాఠం మూడు రోజులూ చెప్పింది. ఒకసారి చెబుతూ చెబుతూ కూర్చున్న చోటే కునికిపాట్లు పడింది. గరిక ఆమెను లేపలేదు. తమ్ముళ్లను కూడా మాట్లాడనివ్వలేదు.

నెల తిరిగేసరికి పిల్లలు ఒక్కొక్కరే లేచారు. గరిక కుంటుతూనే బడికి రాసాగింది.

ఇప్పుడు బడికి రానిది భూపతి కూతురు తుంగ ఒక్కతే.

తుంగ చురుకైన పిల్ల. చెలమ తవ్వినప్పుడు తనూ వచ్చి మూతితో మట్టి తోసింది. ఆ సంగతి తెలిసి భూపతి మండిపడ్డాడు. "మనకు వాగంత వాగు ఉండగా వాళ్ల గుంటలో నీళ్లు తాగుతావా? మన పరువేం కాను?" అన్నాడు. తుంగ ఆ తర్వాత మడుగు నీళ్లే తాగింది. వాన తగ్గి వాగు సన్నబడే కొద్దీ ఆ నీళ్లు మరింత చిక్కబడ్డాయి. గుండులా ఉండే పిల్ల పది రోజుల్లో తోలుతిత్తిలా అయిపోయింది.

పంతులమ్మ పాఠం చెప్పడానికి వెళ్లింది. భూపతి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా ఇంట్లో జబ్బులు లేవు. దానికి బడి ఇష్టం లేదు, అంతే."

"లోపల మూలుగు నాకు వినబడుతోంది భూపతీ."

"నీకు వినబడనక్కర్లేదు!"

పంతులమ్మ మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ అతను పంపేశాడు. బడిలో గాలిలో వాసన పట్టే పాఠాలు అయిపోయాయి. ఆకుల పాఠాలు, అడుగుజాడల పాఠాలు కూడా అయిపోయాయి. ఎండలు ముదిరాయి. ఏటా చదువు ముగించిన పిల్లలు పెద్దలతో కలిసి కొండ దాటి అవతలి పచ్చికకు బయలుదేరే రోజు వచ్చింది. ఆ దారిలో పులులుంటాయి. చదువు పూర్తికాని పిల్లల్ని ఎవరూ వెంట తీసుకెళ్లరు.

ఆ రోజు పొద్దున భూపతి బడికి వచ్చాడు. అతని వీపు మీద తుంగ ఉంది. కళ్లు తెరిచి ఉన్నా చూపు లేదు. దారిలో అందరూ నిలబడి చూస్తున్నారు. భూపతి ఎవరి వైపూ చూడలేదు.

"పంతులమ్మా, దీన్ని బతికించు," అన్నాడు.

ఎవరూ ఒక్క మాట ఎత్తిపొడవలేదు. చెంగమ్మే ముందుగా కదిలి చెలమ నీళ్లు తెచ్చింది. చుక్క చుక్కగా తుంగ నోట్లో పోసింది. పంతులమ్మ పక్కనే కూర్చుంది. ఆ పూటా, మర్నాడూ అక్కడి నుంచి లేవలేదు. మూడో రోజున తుంగ తల ఎత్తింది.

"గరిక వాళ్లు ఏరీ?" అని అడిగింది.

భూపతి పంతులమ్మ వైపు చూశాడు. పంతులమ్మే చెప్పింది. "వాళ్లు కొండ దాటి వెళ్లిపోయారమ్మా. నీ పాఠాలు మిగిలిపోయాయి. వచ్చే ఏడాది వెళ్దువుగాని."

తుంగ ముఖం అటు తిప్పుకుంది. భూపతి లేచి వాగు దగ్గరికి వెళ్లాడు. మందనంతా లేపి, మడుగు దాటి, దిగువకు తోలుకుపోయాడు. పాత చోటును వాగు కడుక్కోవడానికి ఇంకో వానాకాలం పట్టింది.

ఆ వానాకాలం బడి మొదలైంది. కొత్తగా చేరిన బుల్లి కుందేళ్లు, బుల్లి జింకల మధ్య తుంగ కూర్చుంది. వాళ్లందరి కంటే రెండింతలు పెద్దది. పిల్లలు కిసుక్కున నవ్వితే సిగ్గుతో ముడుచుకుంది. తన కూతుర్ని అలా చూసి, చెట్టు చాటున నిలబడ్డ భూపతి కళ్లు తుడుచుకున్నాడు. ఎంత బలం ఉన్నా పోయిన ఏడాదిని అతను వెనక్కి తేలేడు.

పంతులమ్మ అందరి వైపు ఒకసారి చూసింది. పిల్లలందరూ వచ్చారు. ఆవులింత ఆపుకుని, మొదటి పాఠం మొదలుపెట్టింది.

నీతి: బడికి రాని బిడ్డను నిందించే ముందు ఆ ఇంటికి వెళ్లి కారణం తెలుసుకోవాలి, నలుగురు తాగే నీటిని గర్వంతో పాడుచేసినవాడు చివరికి తన బిడ్డకే చేటు తెచ్చుకుంటాడు.