ఎదురువంపు

గవరయ్య మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పడు, చేతికి పని చెబుతాడు. అది తెలిసి కూడా శిష్యురాలు నూకరత్నం ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేసింది. "మేస్త్రీగారూ, ఈ కోపాన్ని చంపుకోడం ఎలాగండీ?"

అడగాల్సిన అవసరం అలా వచ్చిపడింది. సూర్యుడిలో రగిలే నిప్పును భూమ్మీద రగిలించే రియాక్టరు కోసం ఆ షెడ్డులో మేడంత ఎత్తు ఉక్కుపాత్ర ముక్కలు తయారవుతున్నాయి. వాటిని వెల్డింగుతో అతికే పనిలో చేరాలంటే మధ్యాహ్నం పరీక్షలో రెండు ప్లేట్లు తిన్నగా అతికి చూపాలి. లేదంటే మళ్లీ గేట్లూ గ్రిల్లులే. పరీక్ష చూసేది ఇన్‌స్పెక్టరు పరాంకుశంగారు. తన అతుకును కొలవకుండానే వంకరన్నాడని నిన్న నూకరత్నం ఆయన మీద అరిచేసింది. ఇంకోమారు నోరు లేస్తే పని ఎంత బాగున్నా గెంటేస్తానన్నాడాయన.

మేస్త్రి విననట్టే రెండు మందపాటి ప్లేట్లు ఆనించి, కదలకుండా అక్కడక్కడ చుక్కల్లా వెల్డింగు టాకాలు వేసి, "ముందు దీన్ని అతికి చూడవే" అని టీకి వెళ్లిపోయాడు. నూకరత్నం వంగి చూసింది. అతుకు దగ్గర ఎత్తుగా, అంచుల్లో పల్లంగా, పూరింటి కప్పులా ఉంది. పాపం, ముసలాయనకి చూపు ఆనడం లేదనుకుంది. ఆయన పరువు నిలబెడదామని టాకాలు కోసేసి, ప్లేట్లు చదును చేసి, ఎనిమిది క్లాంపులతో బిగించి మరీ అతికింది. చల్లారాక క్లాంపులు విప్పిందో లేదో, రెండంచులూ ఠంగుమని పైకి లేచాయి. ప్లేటు కాస్తా దొన్నె అయి కూర్చుంది. ఒళ్లు మండి దాన్నొక్క తన్ను తన్నింది. బూటులో వేలు జివ్వుమంది.

"ఏటే, ప్లేటుకి కూడా వార్నింగేనా?" టీ గ్లాసుతో వచ్చిన మేస్త్రి పడీపడీ నవ్వాడు. "అతుకు చల్లారేటప్పుడు లాగుద్ది. బిగించినంతసేపూ ఊరుకుంటది, వదిలేక లేస్తది. దాని గుణం అది." మధ్యాహ్నం పరీక్షకని మరో జత తీసి, మళ్లీ అదే పూరింటి కప్పులా టాకాలు వేశాడు.

ఈసారి నూకరత్నం ఆ వంపును చాలాసేపు చూసింది. తర్వాత లేచి, ఎవరూ పిలవకుండానే ఇన్‌స్పెక్టరు గది గుమ్మంలో నిలబడింది.

"నమస్కారమండీ. నిన్నటి తప్పంతా నాదేనండి. పరీక్షప్పుడు మీరు నిలబడొద్దు, కుర్చీ వేయిస్తాను, ఫ్యాను కూడా పెట్టిస్తాను."

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆమెను చూశాడు.

అయినా పరీక్షలో, అతుకు సగంలో ఉండగా ఆయన ఊరుకోలేదు. "గ్రిల్లులు చేసే చేతులు! ఎంత తిన్నగా వస్తుందో చూద్దాం."

నూకరత్నానికి కోపం రానే వచ్చింది. జర్రున పైకి లేచింది. కానీ అంత కిందనుంచి లేచిన కోపం సరిగ్గా మట్టానికొచ్చి ఆగింది. "అవునండి, గ్రిల్లులే చేశాను. అయ్యాక కొలబద్ద పెట్టి చూడండి" అంది మామూలుగా.

అతుకు చల్లారింది. ఉక్కు బద్ద ఆనిస్తే దాని కింద వెలుతురు గీత కూడా దూరలేదు. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు. షెడ్డంతా ఈలలు. నూకరత్నం హెల్మెట్ గాల్లోకి ఎగరేసి పట్టుకుంది.

మేస్త్రి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ప్లేటుని నేను నాలుగు మిల్లీమీటర్లు వంచాను. నిన్ను నువ్వెంత వంచుకున్నావే?"