తలుపేసిన గదిలో గంధం గిన్నె

జిలానీకి లోకంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. ఉరుసు రోజున గంధం గిన్నె తల మీద పెట్టుకుని, తన గురువు హజ్రత్ ఇంటి నుంచి దర్గా దాకా నడవాలని.

ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాలో గిన్నె మోసే భాగ్యం ఏటా ఒక్కరికే. హిందువా, ముస్లిమా అని చూడరు. పేరిచ్చిన వాళ్లందరి చీటీలూ కుండలో వేసి ఒకటి తీసేవాళ్లు. జిలానీ నాన్న బతికినన్నాళ్లూ చీటీ వేశాడు. ఒక్క ఏడూ రాలేదు. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "నీకు వస్తదిలేరా" అన్నాడు. మీసాలు రాకముందే దర్గాకొచ్చి శిష్యుడైన జిలానీ, ఆవరణ ఊడుస్తున్నా, దీపాలు తుడుస్తున్నా ఆ మాటే తలుచుకుని, ఏటా తన పేరూ వేసేవాడు.

దూరదూరాల నుంచి భక్తులు పేర్లు పంపడం మొదలయ్యాక కుండ చాల్లేదు. కంప్యూటర్ తెలిసిన జిలానీయే డ్రాని ఆన్‌లైన్‌లోకి మార్చాడు. పని శుభ్రంగా చేసేవాడు, వంక పెట్టడానికి లేదు. పేర్లన్నీ ముందురోజే అందరికీ కనపడేలా పెట్టేవాడు. ఆ తర్వాత స్వయంగా హజ్రత్ చెప్పినా ఒక్క పేరు కలపడు, తీయడు. డ్రా జరుగుతుంటే ఆవరణలో పెద్ద తెర మీదా, ఊళ్లల్లో ఫోన్లలోనూ అందరూ చూడొచ్చు. ఇంత చేసినా గేటు దగ్గర కొబ్బరికాయలమ్మే పెంచలయ్య మాత్రం, "ఏం చేసినా వాళ్లోళ్లకే వస్తదిలేయ్యా" అనేవాడు. ఆ మాటకి జిలానీకి ఒళ్లు మండేది.

ఆ ఏడు ఉరుసుకి ముందు శుక్రవారం జనం ఆవరణలో కూర్చున్నారు. మైకు గోల పడలేక జిలానీ ఎప్పట్లాగే ఆఫీసు గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, బిస్మిల్లా అని బటన్ నొక్కాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బయట తెర ఆరిపోయింది, లైవు ఆగిపోయింది. బ్యాటరీ మీద నడుస్తున్న లాప్‌టాప్‌లో మాత్రం పేర్లు గిర్రున తిరిగి ఒక పేరు దగ్గర నిలబడ్డాయి.

షేక్ జిలానీ.

అతనికి నాన్న గుర్తొచ్చాడు. బయట నుంచి "ఎవరికొచ్చిందయ్యా?" అని కేకలు వినపడుతున్నాయి. లేచి, వెనక తలుపు గుండా హజ్రత్ గదికి పరుగెత్తాడు.

"హజ్రత్, నా పేరొచ్చింది. కరెంటు పోయింది, ఎవరూ చూడలేదు. కానీ నేను ఒక్కసారే నొక్కాను. ఖురాన్ మీద ప్రమాణం చేస్తాను."

"నమ్ముతున్నా బేటా" అన్నాడు హజ్రత్.

"అల్లా చూశాడు హజ్రత్."

"చూశాడు."

హజ్రత్ మాట పొదుపు మనిషి. గూట్లోంచి గంధం గిన్నె కిందికి దించాడు. నూరి ఉంచిన గంధం అందులో వేశాడు. లేచి వెళ్లి కిటికీ మూశాడు, తలుపేసి గడియ పెట్టాడు. గిన్నె తెచ్చి జిలానీ తల మీద పెట్టాడు.

"ఎవరూ చూడకుండా వచ్చింది కదా, ఎవరూ చూడకుండా మొయ్యి."

జిలానీ ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాడు. అదే గిన్నె, అదే గంధం. కళ్లు మూసుకుని నాన్నని తలుచుకుందామనుకున్నాడు, కుదరలేదు. బయట జనం గొంతులు వినపడుతున్నాయి. ఆ గొంతుల మధ్యలోంచి నడవాలనే కదా ఇన్నేళ్లూ కలలు కన్నది. వెక్కి వెక్కి ఏడ్చాడు.

హజ్రత్ గిన్నె దించి గూట్లో పెట్టాడు. గడియ తీశాడు.

కరెంటు వచ్చేసరికి జిలానీ లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆవరణ నడిమధ్యకి వచ్చాడు. మైకు అందుకున్నాడు.

"ఇందాక కరెంటు పోయినప్పుడు ఒక పేరొచ్చింది. మీరెవరూ చూడలేదు, అందుకని అది చెల్లదు. మళ్లీ తీస్తున్నాం."

"ఎవరి పేరొచ్చింది?" అని ఎవరో అరిచారు.

"నాదే."

జిలానీ గేటు వైపు చూసి, "పెంచలయ్య మామా, ఇట్రా. ఈసారి నువ్వు నొక్కు" అన్నాడు.

పెంచలయ్య చేతుల తడి పంచెకి తుడుచుకుంటూ వచ్చాడు. "నేనేంది, నాకేం తెలుసు" అని నసిగాడు. చివరికి వేలు పెట్టాడు. పెద్ద తెర మీద పేర్లు తిరిగాయి. జాబితా మార్చకూడదు కాబట్టి జిలానీ పేరు కూడా అందులోనే ఉంది. తన పేరే మళ్లీ రావాలని అతను ఎంత కోరుకున్నాడో చెప్పలేం. మనిషే కదా.

పేర్లు ఆగాయి. మస్తానయ్య, లారీ డ్రైవరు, కోవూరు.

జిలానీ ఫోను చేసి మైకు దగ్గర పెట్టాడు. అవతల లారీ హారన్లు వినపడ్డాయి.

"మస్తానయ్యా, గంధం గిన్నె ఈ ఏడు నీకొచ్చింది."

"నన్ను ఆట పట్టించమాకయ్యా" అన్నాడతను. "మా నాయన కాణ్ణించి వేస్తా ఉండాం, ఎప్పుడన్నా వచ్చిందా? నిజంగా వచ్చిందంటే ఎవురు చూశారు?"

"మేం చూశాం!" అని ఆవరణంతా ఒక్కసారి అరిచింది. అందరికంటే గట్టిగా పెంచలయ్య అరిచాడు. జిలానీ కూడా అరిచాడు. అవతల లారీ పక్కకి తీసి ఆపిన చప్పుడైంది, ఆపైన ముక్కు ఎగబీల్చడం వినపడింది. ఏడుస్తున్నట్టున్నాడు.

ఉరుసు రోజు పొద్దున జిలానీ అరుగు మీద, నలుగురి మధ్యా కూర్చుని సాన మీద గంధం తీస్తున్నాడు. మస్తానయ్య కొత్త లుంగీ కట్టుకుని, గిన్నె ఎప్పుడు నిండుతుందా అని పక్కనే చూస్తూ నిలబడ్డాడు. హజ్రత్ వచ్చి కూర్చున్నాడు.

జిలానీ తలెత్తకుండా, చిన్నగా అడిగాడు. "హజ్రత్, వచ్చే ఏడు నా పేరు వేసుకోవచ్చా?"

"వేసుకో బేటా" అన్నాడు హజ్రత్. "బటన్ మాత్రం ఇంకొకరి చేతికివ్వు."