గుంజి చూసిన గూడు

ఈతవాగు అనే అడవిలో కుందేళ్లూ, జింకలూ, నెమళ్లూ ఉండేవి. వాగు మీదికి వంగిన ఈతచెట్ల నిండా మాత్రం గిజిగాళ్లే.

తొలకరి పడగానే మగపిట్టలు గడ్డిపోచలు చీల్చి గూళ్లు అల్లేవి. సగం అయ్యాక ఆడపిట్టలు వచ్చి, ముక్కుతో గట్టిగా గుంజి చూసేవి. నచ్చితే ఉండేవి. నచ్చకపోతే ఉలుకూ పలుకూ లేకుండా ఎగిరిపోయేవి.

ఆ ఏడు నారయ్య అనే గిజిగాడి గూటిని గరిక అనే ఆడపిట్ట గుంజి వెళ్లిపోయింది. నారయ్య మళ్లీ అల్లాడు. ఆమె మళ్లీ గుంజి వెళ్లిపోయింది. వాడికి ముక్కు నొప్పి పుట్టింది, మనసు ఇంకా నొచ్చింది.

"మన పనితనానికి వీళ్ల పరీక్షేమిటి?" అన్నాడు మగపిట్టల పెద్ద పసిడన్న. "ఈ గట్టు మనది. వాళ్లను ఆ గట్టుకు పొమ్మనండి."

"పోతాం. మీ ముఖాలు చూసే బాధ తప్పుతుంది," అన్నాయి ఆడపిట్టలు.

అలా వాగుకు ఈవల మగపిట్టల రాజ్యం, ఆవల ఆడపిట్టల రాజ్యం ఏర్పడ్డాయి. ఈవల గూళ్లున్నాయి, వాటిలో గుడ్లు లేవు. ఆవల గుడ్లు పెడదామంటే గూళ్లు లేవు. వానాకాలం చూస్తే కరిగిపోతోంది. ఇలాగే సాగితే ఆ ఏడు అడవిలో ఒక్క గిజిగాడి పిల్ల కూడా పుట్టదు.

ఒక సాయంత్రం నారయ్య ఉండబట్టలేక వాగు దాటాడు. గరిక తుమ్మకొమ్మ మీద తడుస్తూ కూర్చుంది.

"ఎందుకొచ్చావు? మీ గట్టున గింజలు అయిపోయాయా?"

"ఒక్క మాట అడిగి పోతాను. నా గూడు ఎందుకు నచ్చలేదు?"

గరిక తడిసిన రెక్కలు దులుపుకుంది. "నిరుడు నా పిల్లలున్న గూడు గాలికి తెగి వాగులో పడింది. అప్పటినుంచి ముడి గుంజి చూడనిదే నాకు ధైర్యం చాలదు. నీ గూడు అందంగానే ఉంది. పైముడే ఎండుమట్టకు వేశావు."

"ఆ మాట అప్పుడే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెబితే వినే ముఖమేనా నీది?"

నారయ్యకు నవ్వొచ్చింది. "కాదులే," అన్నాడు.

మర్నాడు వాడు పచ్చిమట్టకు ముడి వేశాడు. గరిక వాగు దాటి వచ్చి, వేలాడి మరీ గుంజింది. "ఎడమవైపు వదులుగా ఉంది," అంది. నారయ్య మూతి ముడుచుకుంటూనే బిగించాడు.

"ఆడపిట్ట చెప్పినట్టల్లా ముడులు వేస్తున్నావా నాయనా," అని పసిడన్న ఎగతాళి చేశాడు.

కొన్నాళ్లకు గాలివాన వచ్చింది. ఎవరూ గుంజి చూడని పసిడన్న గూడు తెగి వాగులో కొట్టుకుపోయింది. నారయ్య గూడు ఊగింది గానీ ఊడలేదు. లోపల గరిక రెక్కల కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

వాన తెరిపి ఇచ్చాక పసిడన్న తడిసిన రెక్కలతో వచ్చాడు. "అమ్మా గరికా, కొత్త గూడు మొదలుపెట్టాను. మీవాళ్లను వచ్చి కాస్త గుంజి చూడమను."

"చూస్తారు మామా," అంది గరిక. "ఈసారి ఎక్కడ వదులుందో చెప్పకుండా ఎగిరిపోరు."

నీతి: తప్పు చూసినవారు నోరు విప్పి చెప్పాలి, తప్పు చేసినవారు చెవి ఒగ్గి వినాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు మానినా గూడు నిలవదు.