ఎవరికీ సరిపోని గౌను

అనగనగా ఒక లంక. లంకంటే తెలుసుగా బంగారూ, చుట్టూ గోదారి, మధ్యలో ఊరు. ఏది కావాలన్నా పడవెక్కి అవతలి గట్టుకి పోవాల్సిందే. ఆ లంకలో నలభై గడపలు, ఒక చిన్న చర్చి. చర్చి పక్కింట్లో తబితమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు ఆబేలు. వాళ్ళకి ఒక్కతే కూతురు షారోను, ఏడేళ్ళ పిల్ల.

తబితమ్మకి మాటలు తక్కువ. "ఏం కూర చేశావు?" అని అడిగినా కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసేది. దాంతో అడిగినవాళ్ళకి, కూరలో కూడా ఏదో గుట్టు ఉందనిపించేది.

ఆ ఊళ్ళో క్రిస్మస్ అంటే ఆఖరి వారమే. అప్పటిదాకా ఎవరికీ పట్టదు. డిసెంబరు ఇరవై దాటిందంటే చాలు, గోల మొదలు. సున్నం కావాలి, బట్టలు కావాలి, బెల్లం కావాలి, నూనె కావాలి. అందరూ ఒక్క పడవ మీదే పడేవాళ్ళు. కొట్టతను వీళ్ళ కంగారు చూసి ధర పెంచేవాడు. టైలరేమో "ఇక నావల్ల కాదు తల్లీ" అని మిషను మీద గుడ్డ కప్పేసేవాడు. పండగ దాటాక జనవరంతా ఇంటింటా గంజే.

ఒక ఏడు తబితమ్మకీ అలాగే అయింది. మూడు రోజులు నడుం వాల్చలేదు. పండగ పొద్దున చూస్తే షారోను గౌనుకి చేతులు కుట్టలేదు. పిన్నీసులు పెట్టి చర్చికి తీసుకెళ్ళింది. ప్రార్థనలో పిల్ల వంగింది, పిన్నీసు గుచ్చుకుంది. కెవ్వుమని ఏడ్చింది. చర్చంతా వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడు తబితమ్మ మనసులో గట్టిగా అనుకుంది. వచ్చే ఏడు ఇలా కాదు. నెలకి ఒక్క రోజు కూలి పక్కన పెడతాను. నెలకి ఒక్క పని చేసుకుంటాను.

అనుకుంది సరే, ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. ఎందుకంటావా? ఆబేలుకి కాదనడం రాదు. ఎవరేది అడిగితే అది చేతిలో పెట్టేస్తాడు. ఓసారి కప్పుకున్న దుప్పటి కూడా ఇచ్చేసి వణుక్కుంటూ వచ్చాడు. అందుకని ఆవిడ ఒక రేకు పెట్టె సంపాదించి, దానికి తాళం వేసి, తాళంచెవి మెడలో కట్టుకుంది.

అక్కడే వచ్చింది చిక్కు.

ఎందుకంటే, ఆ ఇంట్లో ఇంకొకటి కూడా ఉండేది. అదేంటో చెప్తా విను. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కకి తీసేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి చర్చి బానలో పోసేవాళ్ళు. క్రిస్మస్ రోజు ఊరంతా కలిసి తినే ప్రేమవిందుకి ఆ బియ్యమే. చర్చి కప్పు కారుతుందని బాన తబితమ్మ ఇంట్లో పెట్టారు. ఎవరు ఎంత పోశారో ఎవరూ కొలవరు. దేవుడికి ఇచ్చేది కొలవకూడదని వాళ్ళ పద్ధతి.

ఇప్పుడు పక్కింటి శిరోమణమ్మ గురించి చెప్పాలి. ఆవిడకి దడి సందులోంచి చూడటమే పని. పిల్లి నడిచినా ఎటు పోతోందో, ఎందుకు పోతోందో తేలేదాకా అన్నం సయించదు.

ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు గదా, అవతలి గట్టున బట్టల కొట్టులో ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. సగం ధరకే ఇచ్చేస్తారు. తబితమ్మ పొద్దున్నే పడవెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి కొంగు కింద మూటతో దిగింది.

"ఏమే తబితా, కొంగు కిందేంటి?" అంది శిరోమణమ్మ.

"ఏం లేదొదినా."

"ఏం లేనిదానికి రెండు చేతులూ అడ్డమెందుకే?"

తబితమ్మ గబగబా ఇంట్లోకి పోయింది. అది మొదటి అనుమానం.

ఆ తర్వాత నెలలో మళ్ళీ పడవెక్కింది. ఈసారి పడవతన్ని పట్టుకుని అడిగింది శిరోమణమ్మ. "ఆయ్, టైలరు కొట్టు దగ్గరకెళ్ళారండి. ఇంట్లో పెళ్ళేమైనా ఉందాండీ అంటే నవ్వి ఊరుకున్నారండి" అన్నాడతను. అది రెండో అనుమానం.

ఆ తర్వాత సెప్టెంబరు. బయట వాన. తబితమ్మ ఇంట్లో తూర్పు గోడకి సున్నం వేసింది. ఆ ఒక్క గోడకే. మిగతా మూడూ మాసిపోయి అలాగే ఉన్నాయి. నెలకో గోడ అని ఆవిడ లెక్క. దడి సందులోంచి చూసినావిడకి అదెలా తెలుస్తుంది?

"వానాకాలంలో సున్నమేంటి? అందులో ఒక్క గోడకేంటి? గోడలో ఏదో పెట్టి పూడ్చి, పైన సున్నం కొట్టింది" అనుకుంది శిరోమణమ్మ. అది మూడో అనుమానం.

మూడూ కలిపితే ఆవిడకి బియ్యం బాన కనిపించింది. కూలి చేసుకునే మనిషికి పడవ ప్రయాణాలెక్కడివి? టైలరు ఖర్చెక్కడిది? ఊరి బియ్యం అమ్ముకుంటోంది!

ఒక ఇంట్లో చెప్పినప్పుడు అవి గిద్దెడు బియ్యం. రెండో ఇంటికి కుంచెడు అయ్యాయి. మూడో ఇంటికొచ్చేసరికి బస్తా అయింది.

అప్పుడు ఆదివారం ఆరాధన కాగానే సంఘపెద్ద తీతుగారు నలుగుర్ని వెంటేసుకుని తబితమ్మ గుమ్మంలోకి వచ్చారు. ముందు బాన మూత తీశారు. బియ్యం సగానికి పైగా ఉన్నాయి.

"ఎంత ఉండాలి?" అన్నారు తీతుగారు.

కొలవకుండా పోసిన బియ్యం ఎంత ఉండాలో ఎవరు చెప్తారు? ఎక్కువ ఉన్నాయని చెప్పలేరు, తక్కువ ఉన్నాయనీ చెప్పలేరు.

ఆ తర్వాత గోడ తట్టి చూశారు. సున్నం రాలి తీతుగారి మీసం మీద పడిందే గానీ ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత పెట్టె తీయించారు. అందులో ఒక పసుపు పచ్చ గౌను, దానికి ఎర్ర పూలు. ఒక కొవ్వొత్తుల కట్ట. నక్షత్రానికి రంగు కాగితాలు.

"ఎవరిదమ్మా ఈ గౌను?"

"షారోనుదండి. క్రిస్మస్‌కి."

అందరూ ఘొల్లుమని నవ్వారు. "సెప్టెంబరులో క్రిస్మసా!" అంది శిరోమణమ్మ. "ఏదీ, తొడిగి చూడండి."

షారోనుకి తొడిగారు. గౌను పాదాల మీద పడింది. భుజాలు జారిపోయాయి. పాపం ఆ పిల్ల బస్తాలో నిలబడ్డట్టు నిలబడింది.

"నీ కూతురిదైతే నీ కూతురికి సరిపోవద్దూ?" అన్నారు తీతుగారు.

"పెరుగుద్దని..." అంది తబితమ్మ. అంతే. మళ్ళీ కొంగు వేలికి చుట్టుకుంది. ఆ ఊళ్ళో పండగ బట్టలు పండగ ముందు రోజు కుట్టించేవాళ్ళేగా? పిల్లలు ఈలోగా పెరుగుతారన్న సంగతి వాళ్ళకి తట్టలేదు.

తీతుగారు టైలర్ని కూడా అడిగొచ్చారు. టైలరు ఉన్నదే చెప్పాడు. "ఆవిడే కుట్టించిందండి. పిల్లని తీసుకురాలేదు. ఇంత పొడుగు అని చేత్తో చూపించింది." నిజమే చెప్పాడు గానీ, ఆ నిజంతో అనుమానం ఇంకా పెద్దదైంది.

మళ్ళీ ఆదివారం చర్చిలో తీతుగారు తేల్చారు. "ఈ గౌను ఎవరి పిల్లకి సరిపోతుందో, ఆ ఇంటివాళ్ళే బియ్యం అమ్మిపెట్టారు. వాళ్ళ వాటా కింద ఈవిడ గౌను కుట్టిస్తోంది. అది తేలేదాకా పెట్టె చర్చిలో ఉంటుంది. తబితమ్మ బల్లకి రాకూడదు."

బల్లంటే ఏంటో తెలుసా బంగారూ? చర్చిలో అందరూ ముందుకెళ్ళి, మోకాళ్ళూని, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటారు. క్రిస్మస్ పొద్దున అందరూ లేచి ముందుకెళ్తుంటే ఒక్క మనిషి వెనక కూర్చుందంటే, ఊరు ఊరంతా ఆవిణ్ణి దొంగ అన్నట్టే. పండగ పోతే పోయింది, ఆ మాట పోదు. షారోను పెద్దదైనా దాని వెనకే వస్తుంది.

ఇంటికొచ్చాక ఆబేలు అడిగాడు. "నాకైనా చెప్పకూడదటే?"

"చెబితే ఈపాటికి ఎవరికో ఇచ్చేసుందురు" అంది తబితమ్మ.

ఆబేలు ఆలోచించి, "అదీ నిజమే" అన్నాడు. అలా అన్నాడే గానీ, మర్నాడు ఆవిడ లేనప్పుడు అతనూ తూర్పు గోడ తట్టి చూశాడు. అనుమానం అంటువ్యాధి లాంటిది మరి.

తబితమ్మ ఏడ్చింది. కానీ అనుకున్న పని మానలేదు. అక్టోబరులో పడమటి గోడకి సున్నం వేసింది. నవంబరులో మూడో గోడకి వేసి, బెల్లం కొని అటక మీద పెట్టింది. ఒక్కో గోడ తెల్లబడుతుంటే దడి అవతల శిరోమణమ్మ మొహం నల్లబడేది.

డిసెంబరు వచ్చింది, నాలుగో గోడా తెల్లబడింది. మొదటి ఆదివారం తీతుగారు గౌను బయటికి తీశారు. "పిల్లల్ని తీసుకురండి" అన్నారు.

ఇప్పుడు చూడు తమాషా. కొత్త గౌను ఇస్తామంటే ఎవరైనా నా పిల్లకి, నా పిల్లకి అని ముందుకొస్తారు. ఇక్కడేమో ఎవరికి సరిపోతే వాళ్ళు దొంగలు! తల్లులందరికీ గుండెల్లో రాయి పడింది. ఒకావిడ కూతురి పొట్టకి లోపల తువ్వాలు చుట్టి తెచ్చింది. ఆ పిల్లకి గౌను నడుం దగ్గరే ఆగిపోయింది. "పట్టలేదండీ, దేవుడికి స్తోత్రం!" అంది తల్లి.

రెండో ఆదివారం ఇంకొకావిడ కూతుర్ని మోకాళ్ళు వంచి నడవమంది. ఆ పిల్ల బాతులా నడిచొచ్చింది. గౌను నేల ఊడ్చింది. "పొడుగండీ, చాలా పొడుగు!"

మూడో ఆదివారం శిరోమణమ్మ మనవరాలి వంతు. ఆ పిల్లని ఊపిరి బిగబట్టి బుగ్గలు పూరించమంది ముసలావిడ. పిల్ల మొహం ఎర్రబడింది గానీ, ఊపిరి వదిలినా ఆ గౌను ఎలాగూ పట్టేది కాదు. చెయ్యి ఇరుక్కుపోతే ముగ్గురు కలిసి లాగారు. ఆ పిల్ల అప్పటికే కాస్త బొద్దు.

అలా ఊళ్ళో ఆడపిల్లలందరూ అయిపోయారు. గౌను ఎవరికీ సరిపోలేదు. తల్లులు ఒకరి పిల్లని ఒకరు పైకీ కిందికీ చూసుకుంటూ ఇళ్ళకెళ్ళారు. "ఆ తువ్వాలేంటో చూశావా?" "ఆ వంకర నడకేంటో?" అని గుసగుసలు. తబితమ్మ ఒక్కదాని మీద ఉన్న అనుమానం ఊరంతా పాకింది.

ఇంక క్రిస్మస్‌కి ముందు ఆఖరి ఆదివారం. ఆ రోజు, చర్చిలో వాక్యం చెప్పే అయ్యగారి భార్య, ఊరంతా అమ్మగారు అంటారు, లేచి నిలబడింది.

"ఎవరికీ సరిపోని గౌను పెట్టెలో ఎందుకు? ఈ పండక్కి కొత్త బట్టలు లేని పిల్ల ఎవరైనా ఉంటే ఇచ్చేద్దాం" అంది. "ఎవరున్నారు?"

ఎవరూ చెయ్యెత్తలేదు. అందరూ కొనుక్కున్నారు, లేకపోతే రేపు పడవ మీద పడి కొంటారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక చిన్న చెయ్యి లేచింది. షారోను.

"నాకు లేదండి. నాది పెట్టెలో ఉందండి" అంది.

"పాపం, రా తల్లీ" అంది అమ్మగారు. పొడుగైనా మడత పెట్టి కుట్టుకుంటుందిలే అనుకుని, ఆ పిల్లకి గౌను తొడిగింది.

ఏమైందో చెప్పు? భుజాలు భుజాల మీద కూర్చున్నాయి. నడుం నడుం దగ్గరే ఆగింది. అంచు చీలమండల పైన, ఎంత వరకు ఉండాలో అంత వరకే ఉంది. షారోను గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఎర్ర పూలన్నీ దాంతోపాటు తిరిగాయి.

వెనక వరసలవాళ్ళు లేచి నిలబడి చూశారు.

"ఈ పిల్లకి అప్పుడు పొడుగైంది గదా?" అన్నారు తీతుగారు.

అప్పుడు తబితమ్మ లేచింది. కొంగు వేలికి చుట్టుకోలేదు. "పెరిగిందండి" అంది. "ఆషాఢంలో గుడ్డ చవకని కొన్నాను. ఆ తర్వాతి నెలలో, పండగ తొక్కిడి లేనప్పుడే టైలరు చేత కుట్టించాను. పండగ నాటికి ఇంత అవుద్దని చేత్తో చూపించాను. నెలకో రోజు కూలి పెట్టి, నెలకో గోడకి సున్నం వేసుకున్నాను. మీ బియ్యంలో ఒక్క గింజ ముట్టుకోలేదు."

ఆవిడ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

తీతుగారు తల వంచుకున్నారు. "నాది తప్పమ్మా" అన్నారు, అందరి ముందూ. అన్నాక పెట్టె ఆయనే నెత్తిన పెట్టుకుని తబితమ్మ ఇంటికి మోసుకొచ్చారు.

ఆ తర్వాత పండగ దాకా లంకంతా పడవ రేవులో తోసుకుంది. తబితమ్మ మాత్రం నాలుగు తెల్ల గోడల మధ్య కూర్చుని, తీరిగ్గా జంతికలు వత్తుకుంది. ఆబేలు నక్షత్రం కట్టాడు. షారోను దానికి కాగితాలు అంటించింది.

క్రిస్మస్ పొద్దున అయ్యగారు బల్లకి రమ్మన్నారు. వరస కదిలింది. ముందు వరసలో మోకరించడానికి తబితమ్మకి జనం చోటిచ్చారు. ఆవిడ రెండు చేతులూ చాపి రొట్టె తీసుకుంది. తల మాత్రం వంచుకోలేదు.

మరి శిరోమణమ్మో అంటావా? ఆవిడా వచ్చింది, పక్కనే మోకరించింది. ఆమెన్ అంది. బయటికి రాగానే షారోనుని పట్టుకుని కింది నుంచి పైదాకా ఒకసారి, పై నుంచి కిందిదాకా ఒకసారి చూసింది. చూసి, ఎదురింటావిడ చెవిలో మెల్లగా అంది.

"నాకు ముందే తెలుసే! గౌను సరిపోవాలని పిల్లకి ఏదో పెట్టి పొడుగు చేసింది!"

కథేమో పడవెక్కి కంచికి,
మనమేమో గట్టెక్కి ఇంటికి,
నిద్దరేమో మెల్లగా నీ కంటికి.