గుల్లపీతలకు పోసిన తీర్థం

2011వ సంవత్సరం, నడివేసవి. గాజుతొట్టిలో నా పీతలు చచ్చిపోతున్నాయి. ఎందుకో తెలియటం లేదు.

అవి కూరకి పనికొచ్చే పీతలు కావు. బొటనవేలంత ఉంటాయి. ముందు సగం పీతే గానీ వెనక సగం మెత్తగా, మెలితిరిగి ఉంటుంది. ఆ మెత్తని ఒంటిని కాపాడుకోవటానికి, నత్త చచ్చి ఖాళీ అయిన గుల్లలోకి దూరి, దాన్ని మోసుకుంటూ తిరుగుతాయి. ఒళ్లు పెరిగితే ఇంకో పెద్ద గుల్ల వెతుక్కుంటాయి. గుల్లపీతలంటాం మేము.

కార్తీకంలో భీమిలి రాళ్ల మడుగుల్లోంచి ఇరవై రెండింటిని నేనే ఏరి తెచ్చాను. వైశాఖం వచ్చేసరికి పదమూడు మిగిలాయి.

వాటిని పెంచమన్నది మా గురువుగారు సింహాద్రప్పగారు.

ముప్ఫై ఏళ్లు నా పని గుల్లలు ఉడకబెట్టటం. ప్రాణంతో వచ్చిన శంఖాలనీ గవ్వలనీ బానలో పోసి ఉడికించి, లోపలి మాంసం పీకి పారేసి, గుల్లని కడిగి బొమ్మల కొట్లకి వేసేవాణ్ని. బాన కింద మంట ఎగదోయగానే లోపల టకటకమని చప్పుడు మొదలయ్యేది. పావుగంటకి ఆగిపోయేది. నా ఇల్లాలు పోయాక ఆ చప్పుడు బాన లేకుండానే వినపడటం మొదలుపెట్టింది.

అప్పుడు మఠానికి వెళ్లాను. మఠమంటే ఏమీ లేదు, ఒడ్డుకి కాస్త ఎగువన సరుగుడు తోటలో రెండు గదుల పెంకుటిల్లు. గురువుగారు ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. అప్పటికి ఆయనకి ఎనభై. ఆయన గురువు ఆయన చెవిలో చెప్పిన మాట ఒకటుంది. అది విన్నవాడు చావుకి బెదరడని మా నమ్మకం. నాకు ఆ మాట కావాలి. అది వినకుండానే పోతానేమోనని నా దిగులు.

“ఎన్ని ఉడకబెట్టావు?” అని అడిగారు.

“లెక్క లేదండీ.”

“సరే. కొన్నిటిని బతికించు. ఏడాది నిండాక ఉపదేశానికి రా.”

మూతపడిన ఒక బీచ్ హోటలు కాపలావాడు నాకు గాజుతొట్టి ఇచ్చాడు. రెండడుగుల తొట్టి. దాన్ని మఠంలోనే పెట్టి, నేనూ అక్కడే ఉండిపోయాను. దాంతోపాటు నీళ్లు తిప్పే మోటారు, దీపం, పగడపు రాళ్లు వచ్చాయి. రాళ్ల మీద బొత్తాలంత మెత్తని పగడాలు ఇంకా బతికే ఉన్నాయి. పొద్దున దీపం వెయ్యగానే విచ్చుకునేవి. ఆ హోటల్లో తొట్టి బాగోగులు చూసిన జిలానీ అనే అతనికి విశాఖలో చేపల కొట్టుంది. నెలకోసారి భీమిలి వైపు వచ్చినప్పుడు మఠంలో ఆగి, నాకు పని నేర్పేవాడు.

“ఎండకి నీళ్లే ఆవిరైపోతాయి పెద్దాయనా, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన మేరకి మంచినీళ్లే పొయ్యండి. సముద్రం నీళ్లు పోస్తే ఉప్పెక్కి చస్తాయి.”

చలికాలమంతా బాగానే ఉన్నాయి. ఒకసారి నేను పెద్ద గుల్ల ఒకటి తొట్టిలో వేస్తే, పీతలన్నీ వచ్చి పెద్దదాని వెనక చిన్నది వరసకట్టాయి. పెద్దది కొత్త గుల్లలోకి మారగానే, అది వదిలిన దాంట్లోకి రెండోది, దాని గుల్లలోకి మూడోది. మఠంలో వంట చేసే పారమ్మ గరిటె పట్టుకునే వచ్చి చూసింది.

“ఓలమ్మో, బస్సు కాడ మనకి లేని బుద్ధి వీటికుందేటి మావా!” అని నవ్వింది.

ఆ రోజు గురువుగారు కూడా వచ్చి చాలాసేపు చూశారు.

ఉగాదినాడు నాకో ఆలోచన వచ్చింది. మఠంలో గురువుగారి గురువుగారి పాదుకలున్నాయి. వాటి ముందు ఒక రాగి చెంబు. రాత్రి దాంట్లో నీళ్లు నింపి తులసి వేసి పెడతాం. పొద్దున గురువుగారు దాని మీద చెయ్యి ఉంచి, తలా ఒక ఉద్ధరిణె తీర్థం ఇస్తారు. ఆ చెంబు తోమటం నా సేవ. రోజూ చింతపండు పెట్టి, అందులో నా మొహం కనపడేదాకా తోమేవాణ్ని.

మంచినీళ్లే పొయ్యాలి కదా, ఇంతకన్నా మంచినీళ్లు ఎక్కడున్నాయి అనుకున్నాను. తీర్థం ఇవ్వగా మిగిలిన చెంబు తొట్టిలో పోశాను. వెళ్లి గురువుగారికి చెప్పాను.

“ఇవాళ్టినుంచి వాటికి తమరి తీర్థమే పోస్తున్నానండీ.”

ఆయన నవ్వారు.

ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు తొందరగా తగ్గేవి. వారానికొక చెంబు పోసేవాణ్ని కాస్తా రోజుకొక చెంబు పోశాను. ముందు పగడాలు ముడుచుకుపోయాయి. దీపం వేసినా విచ్చుకోలేదు. తర్వాత పీతలు గుల్లలు వదిలి బయటికి రావటం మొదలుపెట్టాయి. ఆ మెత్తని ఒంటితో, బట్టల్లేని మనిషిలా, ఇసక మీద పడుండేవి. మర్నాటికి వాసన కొట్టేవి.

మోటారు విప్పి కడిగాను. దీపం మార్చాను. మేత తగ్గించాను. ఆగలేదు.

ఆ నెల జిలానీ వచ్చాడు. తొట్టి చూడకముందే, పక్కనే ఉన్న చెంబు చూశాడు.

“ఇదిక్కడ ఎందుకుంది పెద్దాయనా?”

చెప్పాను. అతను నెత్తి పట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

“రాత్రంతా ఉంచితే నీళ్లలోకి రాగి దిగుతుంది. రాగి తగిలితే పీత బతకదు. పగడమూ బతకదు. చేపకి జబ్బు చేస్తే మా కొట్టులో చుక్క రాగిమందు వేస్తాం. చేప బతుకుతుంది. అదే తొట్టిలో పీత ఉంటే పోతుంది. ఇది మాకు మొదటిరోజు నేర్పే పాఠం. మీకు చెప్పాలని నాకే తట్టలేదు.”

“మనుషులు తాగే నీళ్లయ్యా ఇవి.”

“మనుషులకి మంచివే.”

“మా గురువుగారి నీళ్లు.”

“గురువుగారితో నాకు పేచీ లేదు పెద్దాయనా. నా పేచీ చెంబుతో.”

నాకు ఒళ్లు మండింది. చేపలు అమ్ముకునేవాడివి నీకేం తెలుసు పొమ్మన్నాను. అతను గడప మీంచి లేచాడు. తొట్టికేసి ఒకసారి చూసి, “మిగిలినవాటినైనా సముద్రంలో వదిలెయ్యండి,” అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఒకటికి రెండు చెంబులు పోశాను. నా నమ్మకం చాలక అవి పోతున్నాయనుకున్నాను.

అది మొదలు పది రోజులు రోజూ రెండు చెంబులు పోశాను.  జిలానీ మాట నిజమేమోనని నాలో ఒకడు అంటూనే ఉన్నాడు. వాడి నోరు నొక్కటానికే పోశాను. ఈ సంగతి గురువుగారికి చెప్పలేదు.

పారమ్మ చూడలేకపోయింది.

“సముద్రం పక్కనే ఉంది గదా మావా, వదిలెయ్యి.”

“ఏడాది నిండాలి. ఇంకా ఆరునెలలుంది.”

“నీకు నిండుద్ది. ఆటికి నిండదు.”

“నోరుముయ్యి. నీకు తెలీదు.”

“నాకేటి తెల్సు, అంట్లు తోముకునేదాన్ని,” అంది. ఆ పూట నాకు అన్నం విసురుగా పెట్టింది.

తొట్టి నిండా ఖాళీ గుల్లలు. చిన్నవీ, పెద్దవీ, నున్ననివీ. ఎన్నడూ లేనన్ని. బతికున్నవి ఒక్కటి కూడా వాటి దగ్గరికి పోలేదు.

పదో రోజుకి నాలుగే మిగిలాయి. ఇక నావల్ల కాలేదు. మధ్యాహ్నం గురువుగారు వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంటే వెళ్లి ఎదుట నిలబడ్డాను.

“గురువుగారూ, ఆ చేపల కొట్టువాడు తమరి తీర్థం విషమన్నాడు. అది తప్పని తమరి నోటితో ఒక్కమాట అనండి. నాకంతే చాలు.”

ఆయన కళ్లు తెరిచారు.

“ఎప్పుడన్నాడు?”

“పది రోజులైంది.”

“అప్పుడెన్ని ఉన్నాయి?”

“పదమూడు.”

“ఇప్పుడు?”

“నాలుగు.”

ఆయన గోడకి ఆనించిన వీపు తీసి నిటారుగా కూర్చున్నారు. 

“ఉగాదినాడు నువ్వొచ్చి చెప్పావు గదా పోలయ్యా, నా తీర్థం పోస్తున్నానని. అప్పుడు నేనేమన్నాను?”

“తమరేమీ అనలేదండీ. నవ్వారు.”

“ఆ. నవ్వాను.”

గోడ పట్టుకుని లేచారు. పెరట్లోకి వెళ్లి ప్లాస్టిక్ బకెట్టు తెచ్చారు. తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని, మిగిలిన నాలుగు గుల్లలనీ ఒక్కొక్కటే చేత్తో తీసి, తొట్టి నీళ్లు కొంచెం పోసి, బకెట్టులో పెట్టారు. పెట్టి, బకెట్టు పట్టుకుని వాకిట్లోకి దిగారు. ఎండ నిప్పులు చెరుగుతోంది.

నేను పరుగున వెళ్లి బకెట్టు పట్టుకున్నాను.

“నేను తెస్తానండీ. తమరు కూర్చోండి.”

“వదులు.”

“నా పీతలండీ అవి.”

“నీళ్లు నావన్నావు గదా,” అన్నారాయన. “నేనే మొయ్యాలి.”

నా చెయ్యి దానంతటదే జారిపోయింది.

సరుగుడు తోట దాటాక ఒడ్డు దాకా ఇసకే. ఆయన కాళ్లకి చెప్పుల్లేవు. పది అడుగులు వేసి ఆగేవారు, బకెట్టు రెండో చేతికి మార్చుకునేవారు, మళ్లీ నడిచేవారు. మూడుసార్లు కింద కూర్చున్నారు. నేను వెనకాల వట్టి చేతులతో నడిచాను. పారమ్మ గొడుగు తెచ్చి ఆయనకి పట్టబోతే అక్కర్లేదన్నారు. ఆవిడ ఆ గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, దారిపొడుగునా నన్ను తిట్టింది. “మొండి ముండాకొడకా, ముసిలాయన పేణం తీస్తావేట్రా” అని కూడా అంది. 

ఆటుకి సముద్రం వెనక్కి తగ్గి రాళ్ల మడుగులు బయటపడి ఉన్నాయి. నేను పీతలని ఏరిన చోటే అది. ఆయన ఒక మడుగు అంచున, నీళ్లలోనే కూర్చున్నారు. గుల్లలని ఒక్కొక్కటే అడుగున పెట్టారు.

మూడు కదలలేదు. కాసేపు చూసి, ఒకటి తీసి వాసన చూశాను. కింద పెట్టేశాను.

నాలుగోది కదిలింది. ముందు మీసాలు, తర్వాత కాళ్లు వచ్చాయి. నేను మడుగులోకి వంగాను.

“బతికిందండీ! గురువుగారూ, ఒకటి బతికింది!”

అది ఇంకా బయటికి వచ్చింది. ఇంకా వచ్చింది. మొత్తం వచ్చేసింది. గుల్ల వదిలేసి, ఆ మెత్తని ఒంటిని ఈడ్చుకుంటూ రెండంగుళాలు నడిచి ఆగింది.

నేను గుల్ల తీసి దాని పక్కన పెట్టాను. చూడలేదు. వేరే గుల్ల పెట్టాను. దాన్నీ చూడలేదు. గుల్ల నోరు దాని వెనక ఒంటికి తాకించాను.

“ఒద్దురా,” అన్నారాయన. “ఊరుకో.”

మడుగులో నీళ్లు కాగిపోతున్నాయి. ఆయన అరచెయ్యి నీళ్లలోకి చాపి దాని మీద నీడ పట్టారు. ఆ చెయ్యి అలాగే ఉంచారు. చెయ్యి వాలితే రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నారు. పారమ్మ తిట్టటం మాని గొడుగు విప్పి, ఆయన వెనక నిలబడింది. ఈసారి ఆయన వద్దనలేదు.

ఎంతసేపో తెలియదు. పీత కాళ్లు ఒక్కొక్కటే ఆగాయి.

అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. వేరే మాట ఏదైనా అనుండొచ్చు.

“గురువుగారూ, మరి నా ఉపదేశం?”

పారమ్మ నాకేసి చూసి ఉమ్మేసింది.

ఆయన కోప్పడలేదు. నీళ్లలోంచి చెయ్యి తీసి, తడి ఆరేదాకా దాన్నే చూసుకున్నారు.

“ఉగాదినాడు నీ మాట వింటే నాకు చాలా సంతోషం వేసింది పోలయ్యా,” అన్నారు.

 లేవటానికి నా భుజం పట్టుకున్నారు.

ఆ వేసవిలో ఇరవై రెండు పీతలూ చచ్చిపోయాయి. పగడాలు ఒక్కటీ మిగల్లేదు. సింహాద్రప్పగారు ఆ తర్వాత ఏడేళ్లు బతికారు. మఠానికి ఎంతోమంది వచ్చారు. నాకే కాదు, ఎవరికీ ఉపదేశం ఇవ్వలేదు.