మేక వెనక చోటు

మక్బూల్ మాస్టారు తయారు చేసిన ఆటలో ఓబులేసు ఎప్పుడూ గెలిచేవాడు. ఎవరైనా ఏడిపిస్తే ఏం చెప్పాలి, ఎలా నిలబడాలి అని అట్టముక్కల మీద రాసి, పాచిక వేసి ఆడించే ఆట అది. ఓబులేసు ఒక్క జవాబూ తప్పేవాడు కాదు. బడి వదలగానే చక్రీ, వాడి జతగాళ్లూ వాణ్ణి మళ్లీ తన్నేవాళ్లు.

దీన్ని పిల్లల అల్లరి అనే పెద్దలున్నారు. ఆ తన్నులు వాళ్ల వీపుల మీద పడాలి. అప్పుడు అనమనండి ఆ మాట.

ఓబులేసుకు నత్తి. తొమ్మిదో తరగతంతా దాన్ని పట్టుకునే నవ్వేది. చివరికి వాడు చదువు మానేస్తానని హాస్టల్ నుంచి ఇంటికి కబురు పెట్టాడు. తీసుకుపోవడానికి ఆ సాయంత్రమే తండ్రి వస్తున్నాడు.

మక్బూల్ తన గురువు జహీర్ బాబా దగ్గరికి పరుగెత్తాడు. కొండ మీది దర్గాలో ఉండే ఫకీరు ఆయన.

"హజ్రత్, ధైర్యంగా ఉండడం ఎలాగో వాడికి అంతా నేర్పాను. ఇంకేం నేర్పమంటారు?"

బాబా సుద్దముక్క తీసుకుని, దర్గా ముందు బండల మీద పులిజూదం గీతలు గీశాడు. మనుషులు నిలబడి ఆడేంత పెద్దవి.

"పిల్లల్ని పిలువు," అన్నాడు.

చక్రీ ఎవరూ అడక్కుండానే పులి అయ్యాడు, వాడి జతగాళ్లిద్దరూ పులులయ్యారు. మిగతావాళ్లంతా మేకలు. మేకలు ఒక్కొక్కరే లోపలికొచ్చి నచ్చిన చోట నిలబడాలి. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి అవతలికి దూకి దాన్ని తినేస్తుంది. అక్కడ ఎవరైనా ఉంటే దూకలేదు. సీమలో ఈ ఆట తెలియని పిల్లలు లేరు.

ముందుగా ఓబులేసు వెళ్లి నిలబడ్డాడు. తర్వాత వచ్చినవాళ్లంతా దూరంగా, అంచుల్లోకి పోయారు.

"ఏమ్రా మే... మే... మేకా!" అంటూ చక్రీ వాణ్ణి ఒక్క తోపు తోసి అవతలికి దూకాడు. అందరూ నవ్వారు.

రెండో ఆటా అంతే.

"చాలు హజ్రత్, ఆపించండి."

"నువ్వూ ఆడు. మేకగా."

మక్బూల్ ఈ ఆటలో ఆరితేరినవాడు. ఏ పులీ అందుకోలేని మూల చూసుకుని నిలబడ్డాడు. చక్రీ మళ్లీ ఓబులేసునే తోసి దూకాడు.

"మంచి చోటే దొరికింది నీకు మాస్టారూ," అన్నాడు బాబా.

మక్బూల్ తన కాళ్ల కేసి చూసుకున్నాడు. తల ఎత్తలేకపోయాడు.

మళ్లీ ఆట మొదలైంది. పులి ఓబులేసు ముందుకొచ్చింది. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని రమీజా లోపలికొచ్చి, నేరుగా నడిచి, ఓబులేసు వెనక నిలబడింది.

"ఏయ్, పక్కకు పో!" అన్నాడు చక్రీ.

"పోను."

చక్రీ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఇంకొకడొచ్చి రమీజా వెనక నిలబడ్డాడు. వాడి పక్కన మరొకరు. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. పిల్లలు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు.

అంతలో ఓబులేసు తండ్రి కొడుకును వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"పోదాం పా రా, ఓబులేసూ."

"ఆ... ఆ... ఆట అయిపోనీ నాయనా!"

ఒక్కరూ నవ్వలేదు.

మక్బూల్ కళ్లు తుడుచుకుని గురువు పాదాల మీదికి వంగాడు. బాబా కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"నా దగ్గరేం పని? అక్కడింకా ఒక చోటు ఖాళీగా ఉంది."